పాత టూ స్ట్రోక్ బండి: జెట్లు మార్చే ముందు గాలి ఎక్కడ లీకవుతోందో చూడండి

పదేళ్లు కదలకుండా ఉన్న ఎయిర్ కూల్డ్ టూ స్ట్రోక్ బండి మీ చేతికి వచ్చింది. ప్లగ్గు మార్చి, కార్బొరేటర్ కడిగి, కొత్త పెట్రోలు పోస్తే స్టార్ట్ అయింది. కానీ చోక్ వేసి ఉంచినంతసేపే బాగుంటోంది, తీస్తే ఆగిపోతోంది. వేడెక్కాక యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసినా ఇంజిన్ వేగం వెంటనే దిగడం లేదు. మెయిన్ జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోలు వెళ్లే రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి ముక్క) ఎంత పెద్దది వేయాలి, ఆ తర్వాత బండిని రోడ్డెక్కించడానికి ఇంకేం చూసుకోవాలి అని అడిగారు. ఇంజిన్ పని మీకు కొత్త అని కూడా చెప్పారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందుగా, ఇప్పుడున్న స్థితిలో బండిని నడపకండి. ఖాళీ రోడ్డు మీద ఒక్క చుట్టు కూడా వద్దు. మీరు చెప్పిన రెండు లక్షణాలూ ఒకే విషయం చెబుతున్నాయి: ఇంజిన్‌కి పెట్రోలు తక్కువగా, గాలి ఎక్కువగా అందుతోంది. మెకానిక్కులు దీన్నే లీన్ అంటారు. ఇక మెయిన్ జెట్ విషయానికొస్తే, అది యాక్సిలరేటర్‌ని ముప్పావు వంతు దాటి తిప్పినప్పుడే లెక్కలోకి వస్తుంది. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు, ఆగిపోయే బండికి ఎంత పెద్ద మెయిన్ జెట్ వేసినా తేడా ఉండదు. ఆ అదనపు గాలి ఎక్కడి నుంచి వస్తోందో తేలకుండా జెట్లు మార్చడమంటే, జబ్బేమిటో తెలియకుండా మందు మోతాదు పెంచడమే.

టూ స్ట్రోక్‌లో లీన్ అంటే ఎందుకింత భయపడాలో చెబుతాను. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో అడుగున ఆయిల్ నిల్వ ఉంటుంది. టూ స్ట్రోక్‌లో అలాంటిదేమీ లేదు. క్రాంక్ బేరింగులకీ, పిస్టన్‌కీ, అది కదిలే బోరుకీ అందే ఆయిల్ అంతా పెట్రోలుతో కలిసి లోపలికి వెళ్లేదే, లేదా చిన్న పంపు ఇన్‌టేక్‌లోకి (గాలి లోపలికి వెళ్లే దారిలోకి) కొద్దికొద్దిగా పంపేదే. ఆయిల్ పెట్రోలులో కలిపి పోసే బండిలో పెట్రోలు తగ్గిందంటే ఆయిల్ కూడా తగ్గినట్టే. పైగా లోపల వేడి పెరుగుతుంది. పిస్టన్ బోరు కంటే ఎక్కువగా వ్యాకోచించి పట్టేస్తుంది. అన్నిటికంటే మోసం ఏమిటంటే, లీన్‌గా నడిచే ఇంజిన్ పట్టేసే ముందు నీరసంగా ఉండదు. పొగ తగ్గి, చురుగ్గా, పదునైన శబ్దంతో పరిగెడుతుంది. ఇప్పుడు సెట్టింగ్ కుదిరిందని కొత్తవాళ్లు సంబరపడేది చాలాసార్లు ఆ క్షణంలోనే.

ఆ గాలి ఎక్కడి నుంచి వస్తుందో అర్థం కావాలంటే ఇంజిన్ ఊపిరి తీసుకునే పద్ధతి తెలియాలి. పిస్టన్ పైకి వెళ్తుంటే కింద క్రాంక్ ఉన్న గదిలో పీడనం తగ్గి, కార్బొరేటర్ నుంచి గాలీ పెట్రోలూ కలిసి అందులోకి వస్తాయి. పిస్టన్ దిగుతూ ఆ మిశ్రమాన్ని ఒత్తి, పక్కనున్న ట్రాన్స్‌ఫర్ పోర్టుల గుండా పైకి తోస్తుంది. ఇంగ్లండ్‌లో జోసెఫ్ డే 1891లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇదే. అంటే క్రాంక్ గది మీ ఇంజిన్‌కి ఇన్‌టేక్‌లో ఒక భాగం. అది గాలి చొరబడకుండా ఉండాలి. క్రాంక్ షాఫ్ట్ రెండు చివరలా రబ్బరు ఆయిల్ సీల్స్ ఉంటాయి. పదేళ్లు కదలకుండా ఉంటే ఆ రబ్బరు గట్టిపడిపోతుంది, షాఫ్ట్‌ని పట్టి ఉంచాల్సిన అంచు వదులవుతుంది. అక్కడి నుంచి లోపలికి పోయే గాలి కార్బొరేటర్ లెక్కలో లేని గాలి.

ఏ సీల్ పోయిందన్నది లక్షణాలే చాలావరకు చెబుతాయి. మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు సీల్ బయట పొడిగా ఉంటుంది. అది పోతే మీ బండిలాగే ఐడిల్ నిలబడదు, వేగం దిగదు. క్లచ్ వైపు సీల్‌కి అవతల గేర్ బాక్స్ ఆయిల్ ఉంటుంది. అది పోతే ఇంజిన్ ఆ ఆయిల్‌ని తాగుతుంది. ఎంతసేపు నడిపినా తెల్లటి పొగ ఆగదు, ప్లగ్గు తడిగా నల్లగా వస్తుంది, గేర్ బాక్స్ ఆయిల్ మట్టం కారణం లేకుండా తగ్గుతూ ఉంటుంది. కొన్నిసార్లు పెట్రోలు అటు వైపు చేరి గేర్ ఆయిల్ పెట్రోలు వాసన కొడుతుంది. మూత తీసి ఒకసారి వాసన చూడండి, ఖర్చు లేని పరీక్ష.

అయితే సీల్స్ మీద నింద వేసే ముందు ఒక చిన్న పని ఉంది. పైలట్ జెట్ (ఐడిల్‌లో పెట్రోలు ఇచ్చే చిన్న జెట్) మూసుకుపోయినా దాదాపు ఇవే లక్షణాలు కనిపిస్తాయి. కార్బొరేటర్ కడిగానన్నారు గానీ, పైలట్ జెట్ విప్పి వెలుతురుకి ఎదురుగా పట్టి చూశారా? రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా కనిపించాలి. ఎండిన పెట్రోలు అందులో జిగురులా గడ్డకడుతుంది, పైపైన కడిగితే పోదు. ఉక్కు తీగతో పొడవకండి, ఇత్తడి గీసుకుపోయి రంధ్రం పెద్దదవుతుంది. క్లీనర్‌లో నానబెట్టి, కంప్రెసర్ గాలితో ఊదండి. మరీ మొండిగా ఉంటే సన్నటి నైలాన్ పోగు వాడండి. జెట్ కూర్చునే చోటు నుంచి గొట్టంలోకి వెళ్లే సన్నటి దారుల్లో కూడా గాలి ఊదాలి. తిరిగి బిగించాక ఎయిర్ స్క్రూని (ఐడిల్ గాలిని సర్దే మరని) మెల్లగా పూర్తిగా లోపలికి తిప్పి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్లు బయటికి తిప్పి ఉంచండి. సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతాం.

పైలట్ శుభ్రంగా ఉన్నా, లేకపోయినా, ప్రెషర్ టెస్ట్ మాత్రం తప్పకుండా చేయండి. పాత టూ స్ట్రోక్ మీద చేసే పనులన్నిటిలో దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. పరికరాలు కూడా పెద్దవి కావు. సైలెన్సర్ విప్పి, ఎగ్జాస్ట్ పోర్టు (పొగ బయటికి పోయే రంధ్రం) మీద రబ్బరు ముక్క, దాని మీద ఇనుప పలక పెట్టి బిగించండి. కార్బొరేటర్ తీసి, ఇన్‌టేక్ రబ్బరు గొట్టానికి బిరడా పెట్టండి. రీడ్ వాల్వు (గాలిని లోపలికే పోనిచ్చే సన్నటి రేకు) ఉన్న ఇంజిన్ అయితే ఆ బిరడాలోనే చిన్న ట్యూబు పెట్టి గాలి కొట్టవచ్చు. రీడ్ లేకుండా పిస్టనే పోర్టుని తెరిచి మూసే ఇంజిన్ అయితే, పిస్టన్‌ని కిందికి దింపి ప్లగ్గు రంధ్రం నుంచి గాలి పంపడం మేలు. గాలి కొట్టడానికి పాత బీపీ మిషన్ బల్బు, దాని మీటరు సరిగ్గా సరిపోతాయి. అందులో 300 అని చూపించేది పీఎస్‌ఐ (టైర్లలో గాలి కొలిచే కొలమానం) లెక్కలో 5.8 దాకా వస్తుంది, మనకి కావలసింది 6 దగ్గర. అంతకు మించి కొట్టకండి, మంచి సీల్ కూడా బయటికి వంగవచ్చు.

అంత ఒత్తిడి నిలిపి ఆరు నిమిషాలు చూడండి. నిమిషానికి 1 పీఎస్‌ఐ కంటే వేగంగా పడిపోతుంటే లీకు ఉన్నట్టే. సబ్బు నీళ్లు బ్రష్‌తో రాస్తూ వెళ్లండి: హెడ్ ప్యాకింగ్, బోరు కింది ప్యాకింగ్, ఇన్‌టేక్ రబ్బరు పగుళ్లు, కేసు అతుకు, ఆయిల్ పంపు నుంచి వచ్చే సన్నటి ట్యూబు. ముందు మీరు పెట్టిన బిరడాలనే చూడండి, కొత్తవాళ్లకి లీకు ఎక్కువగా అక్కడే ఉంటుంది. మాగ్నెట్ తీస్తే వెనకాల సీల్ కనిపిస్తుంది, దాని చుట్టూ బుడగలు వస్తే తేలిపోయినట్టే. మాగ్నెట్ తీయడానికి దాని పుల్లరే వాడాలి. సుత్తితో కొడితే క్రాంక్ వంగుతుంది, మాగ్నెట్ పగులుతుంది. క్లచ్ వైపు సీల్ కంటికి కనిపించదు. దానికో ఉపాయం ఉంది: గేర్ బాక్స్ ఆయిల్ పోసే రంధ్రం మూత తీసి, అక్కడ సబ్బు పొర పెట్టండి. పొర ఉబ్బితే గాలి అటు నుంచే పోతోంది.

సీల్ మార్చడం కొన్ని ఇంజిన్లలో అరగంట పని, బయటి నుంచే వస్తుంది. కొన్నిటిలో సీల్ లోపలి గాడిలో కూర్చుంటుంది, కేసు రెండుగా విప్పక తప్పదు. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ సంపాదించి, ఇది ఏ రకమో చూశాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి. కేసు విప్పాల్సి వస్తే క్రాంక్ బేరింగులు కూడా కొత్తవే వేయండి. మొదటిసారి కేసు విప్పడం ఒంటరిగా చేసే పని కాదని నా అభిప్రాయం. తెలిసినవాళ్లని పక్కన పెట్టుకోండి.

సైలెన్సర్ విప్పి ఉన్నప్పుడే ఎగ్జాస్ట్ పోర్టులోంచి టార్చి వేసి పిస్టన్‌ని చూడండి. నిలువు గీతలు లోతుగా ఉంటే అది ఇంతకుముందే ఒకసారి పట్టేసిన ఇంజిన్. రింగుల్ని చిన్న పుల్లతో నొక్కితే స్ప్రింగులా కదలాలి, కదలకపోతే కార్బన్‌లో ఇరుక్కున్నాయి. హెడ్, బోరు తీసినప్పుడు కనెక్టింగ్ రాడ్‌ని పైకీ కిందికీ లాగి చూడండి. ఆ దిశలో ఆట అస్సలు ఉండకూడదు. పక్కలకి కొంచెం కదలడం మామూలే. కంప్రెషన్ గేజ్ దొరికితే యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి పట్టుకుని కిక్కు కొట్టండి. యాక్సిలరేటర్ మూసి కొడితే తప్పుడు లెక్క వస్తుంది. చిన్న ఇంజిన్లలో 110 నుంచి 150 పీఎస్‌ఐ మధ్య వస్తే బాగున్నట్టు. 90 కంటే తక్కువైతే రింగులో, బోరో చూడాల్సిందే.

ఇంజిన్‌లో గాలి నిలబడిందని తేలాకే ఇగ్నిషన్ వంతు. మీది పాయింట్ల (విడిపోయి స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్చు) బండి అయితే పాయింట్ల ముఖాలు శుభ్రం చేసి, గ్యాప్ 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య, మాన్యువల్ చెప్పిన అంకెకి పెట్టండి. పాయింట్ల దగ్గర నీలి మెరుపులు ఎక్కువగా వస్తుంటే, ముఖాలు త్వరగా కాలుతుంటే కండెన్సర్ పోయింది. గ్యాప్ మారితే టైమింగ్ (స్పార్క్ వచ్చే క్షణం) మారుతుంది, అందుకే ముందు గ్యాప్, తర్వాత టైమింగ్. చాలా బండ్లలో పిస్టన్ పూర్తిగా పైకి చేరడానికి ఇంకా దాదాపు 2 మిల్లీమీటర్లు ఉండగా పాయింట్లు విడిపోవాలి. ఖచ్చితమైన అంకె మీ మాన్యువల్‌లో ఉంటుంది. ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజ్, పాయింట్లకి టెస్ట్ బల్బు, ఈ రెండూ చాలు. టైమింగ్ ముందుకి జరిగితే లోపల టకటకమని కొట్టుకుంటుంది, చివరికి పిస్టన్ తలకి రంధ్రం పడుతుంది. లీన్‌కి తోడు టైమింగ్ కూడా ముందుంటే ఇంజిన్ ఎక్కువసేపు బతకదు.

ట్యాంకు విషయానికొస్తే, టార్చి వేసి చూస్తే తుప్పు కనిపిస్తుందా? కనిపిస్తే ట్యాపు విప్పేసి, రంధ్రం మూసి, ట్యాంకు నిండా వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు గానీ పోసి ఒకటి రెండు రోజులు ఉంచండి. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వెంటనే ఆయిల్ కలిపిన పెట్రోలు తిప్పి పోయండి. తడిగా వదిలేస్తే గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. ట్యాపులోని జల్లెడ, ట్యాంకు మూతలోని గాలి రంధ్రం తెరిచి ఉండాలి. ఆ రంధ్రం మూసుకుపోతే బండి కొంత దూరం వెళ్లి పెట్రోలు అందక ఆగుతుంది, కాసేపాగితే మళ్లీ నడుస్తుంది. ఆగే ముందు లీన్‌గా నడుస్తుందన్నది మర్చిపోవద్దు.

ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. దాంతో రెండు ఇబ్బందులు. పాత రబ్బరు గొట్టాలూ, ఫ్లోట్ సూది చివరి రబ్బరూ ఉబ్బుతాయి, కాబట్టి ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయండి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండటం వల్ల అదే జెట్‌తో మిశ్రమం కాస్త లీన్ వైపు జరుగుతుంది. ఇథనాల్ లేని రోజుల్లో కంపెనీ రాసిన జెట్ నంబరు మీద ఒకటి రెండు సైజులు పెంచాల్సి రావడం ఇందుకే. అంటే మీ పెద్ద జెట్ ఆలోచన పూర్తిగా తప్పు కాదు, దాని సమయం ఇంకా రాలేదు.

ఆయిల్ పంపు ఉన్న బండి అయితే, పంపుని నమ్మేదాకా ట్యాంకులో కూడా ఆయిల్ కలిపి పోయండి. పొగ కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. ట్యూబులో గాలి బుడగలు లేకుండా పంపు బ్లీడ్ చేసి, పంపు మీటకీ బాడీకీ ఉన్న గుర్తులు మాన్యువల్ చెప్పినట్టు కలుస్తున్నాయో లేదో చూడండి. ఆయిల్ తొట్టి మీద గీత పెట్టుకుని మట్టం నిజంగా దిగుతోందని కళ్లారా చూశాకే ట్యాంకులో కలపడం ఆపండి. కలిపే లెక్క ఇలా ఉంటుంది: లీటరుకి 50 మిల్లీలీటర్లు అంటే 20కి 1, 40 అంటే 25కి 1, 20 అంటే 50కి 1. మాన్యువల్ ఏం చెబితే అదే వాడండి, చూపుతో కొలవకుండా కొలత సీసాతో కలపండి. జపాన్ ప్రమాణం జాసో ఎఫ్‌సి లేదా ఎఫ్‌డి గుర్తు ఉన్న టూ స్ట్రోక్ ఆయిల్ తీసుకోండి. పడవ ఇంజిన్ల ఆయిల్ నీటితో చల్లబడే ఇంజిన్ల కోసం చేసింది, ఎయిర్ కూల్డ్ బండికి వద్దు. ఇంకో మాట, భద్రత కోసమని ఆయిల్ ఇష్టం వచ్చినట్టు పెంచితే జెట్ గుండా వెళ్లే ద్రవంలో పెట్రోలు వాటా తగ్గి మిశ్రమం లీన్ అవుతుంది. నిష్పత్తి ఒకటి ఖాయం చేసుకుని, జెట్టింగ్ దాని మీదే చేయండి.

సైలెన్సర్ లోపలి బ్యాఫిల్ (శబ్దం తగ్గించే గొట్టం) లాగి చూడండి. పదేళ్ల కింద ఆగిన బండిలో అది తారులాంటి మడ్డితో నిండి ఉండటం మామూలే. టూ స్ట్రోక్‌కి సైలెన్సర్ శబ్దం తగ్గించడానికే కాదు, దాని ఆకారం ఇంజిన్ శక్తిలో భాగం. కాబట్టి శబ్దం కోసం బ్యాఫిల్ తీసేసి నడపకండి, జెట్టింగ్ మొత్తం తప్పుతుంది. ఎగ్జాస్ట్ పోర్టులో కార్బన్‌ని పిస్టన్ కిందికి దింపి చెక్క ముక్కతో గీకండి, రాలిన ముక్కలన్నీ బయటికి తీయండి.

ఇప్పుడు జెట్టింగ్. యాక్సిలరేటర్ మూసినప్పటి నుంచి ఎనిమిదో వంతు వరకు పైలట్ జెట్, ఎయిర్ స్క్రూ. పావు వంతు దాకా స్లయిడ్ (యాక్సిలరేటర్‌తో లేచే పలక) కోత. అక్కడి నుంచి ముప్పావు దాకా స్లయిడ్‌కి వేలాడే సూది, ఆ తర్వాత మెయిన్ జెట్. రోజూ నడిపేటప్పుడు మీ చేయి ఎక్కువగా ఉండేది సూది పరిధిలోనే, కాబట్టి దాన్ని నిర్లక్ష్యం చేయకండి. సూది క్లిప్పు ఒక గాడి కిందికి మారిస్తే సూది పైకి లేచి రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది. యాక్సిలరేటర్ హ్యాండిల్ మీద ఒక టేపు ముక్క అతికించి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకోండి. లేకపోతే తప్పు ఏ పరిధిలో ఉందో ఊహించుకోవడమే అవుతుంది.

ఎప్పుడూ రిచ్ వైపు నుంచి మొదలుపెట్టాలి. రిచ్‌గా ఉంటే ఇంజిన్ నత్తిగా, బరువుగా, బుడబుడమంటూ నడుస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది, అంతకు మించి నష్టం లేదు. మాన్యువల్ చెప్పిన మెయిన్ జెట్ కంటే రెండు సైజులు పెద్దది వేసి, పూర్తి యాక్సిలరేటర్‌లో ఆ నత్తి పోయేదాకా ఒక్కో సైజు దిగండి. నత్తి పోయిన చోటే ఆగండి, ఇంకా చురుగ్గా ఉంటుందేమోనని మరో సైజు దిగొద్దు. ఏ పరిధిలోనైనా అనుమానం వస్తే కాస్త చోక్ ఎత్తి చూడండి. బాగుపడితే అక్కడ లీన్, పాడైతే రిచ్. ప్లగ్గు రంగు చూడాలంటే ఐడిల్ చేసి ఆపితే కుదరదు. పూర్తి యాక్సిలరేటర్‌లో కొంత దూరం నడిపి, క్లచ్ పట్టి, అక్కడికక్కడే ఇంజిన్ ఆపి తీయాలి. తెల్ల పింగాణీ లోపల, అడుగు భాగంలో లేత గోధుమ రంగు గీత కనబడాలి. పూర్తిగా తెల్లగా ఉన్నా, పింగాణీ మీద చిన్న వెండి చుక్కల్లాంటివి ఉన్నా వెంటనే పెద్ద జెట్‌కి వెళ్లండి. ఆ చుక్కలు కరిగిన పిస్టన్ లోహం.

అయితే ఈ పరీక్షకి బండి వేగంగా వెళ్లాలి, వెళ్లాలంటే ఆగగలగాలి. అందుకే బ్రేకులూ టైర్లూ జెట్టింగ్ కంటే ముందే పూర్తి కావాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర చూడండి: 2318 అంటే 2018లో 23వ వారం. మూడంకెలే ఉంటే అది 2000కి ముందుది. గాడులు ఎంత లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరుని పారేయండి, ట్యూబులు కూడా మార్చండి. డ్రమ్ తెరిచి బ్రేక్ షూ లైనింగ్ ఇనుము నుంచి ఊడి వస్తోందేమో చూడండి. పాత జిగురు వదిలేసి లైనింగ్ ముక్క డ్రమ్ములో ఇరుక్కుంటే చక్రం నడిరోడ్డు మీద ఆగిపోతుంది. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి ఆ దుమ్ముని ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. డిస్క్ బ్రేకు ఉంటే ఫ్లూయిడ్ మొత్తం మార్చి, రబ్బరు గొట్టం కొత్తది వేయండి. క్లచ్, బ్రేక్, యాక్సిలరేటర్ కేబుళ్ల చివరలు పోగులు తెగి ఉంటే అతకవద్దు, కొత్తవి వేయండి. ముందు చక్రం లేపి హ్యాండిల్ తిప్పితే మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగకూడదు. స్వింగార్మ్, వీల్ బేరింగుల్లో ఆట ఉండకూడదు. లైట్లు మిణుకుమంటుంటే ముందు ఎర్త్ కనెక్షన్లు గీకి శుభ్రం చేయండి, సగం సమస్యలు అక్కడే తీరతాయి. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ కాగితాలు మీ ప్రాంతపు నిబంధనల ప్రకారం పూర్తయ్యాకే రోడ్డు మీదికి తీయండి.

మొదటిసారి నడిపేటప్పుడు రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉండాలి. ఇంజిన్ శబ్దం సన్నగా మారినా, ఎవరో వెనక్కి లాగుతున్నట్టు వేగం తగ్గినా ఆలోచించకుండా క్లచ్ పట్టేయండి. లేకపోతే వెనక చక్రం బిగుసుకుని మీరు పడతారు. పొడవైన పల్లంలో యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఇంజిన్ మీద దిగకండి, చక్రాలు ఇంజిన్‌ని తిప్పుతుంటాయి గానీ ఆయిల్ అందదు. మధ్యమధ్యలో క్లచ్ పట్టి ఒక్కసారి యాక్సిలరేటర్ ఇవ్వండి. ఇంజిన్ దానంతట అదే పరుగు పెంచుకుని, స్విచ్ ఆపినా ఆగకపోతే కంగారు పడకుండా చోక్ పూర్తిగా లాగండి. అప్పటికీ ఆగకపోతే టాప్ గేర్ వేసి, రెండు బ్రేకులూ గట్టిగా పట్టి క్లచ్ వదలండి.

ఈ వారం మాత్రం పైలట్ జెట్, ప్రెషర్ టెస్ట్, ఈ రెండే చేయండి. నిమిషానికి ఎంత పడిందో, బుడగలు మాగ్నెట్ వైపా క్లచ్ వైపా అన్నది, బండి మోడల్, ఇప్పుడున్న పైలట్, మెయిన్ జెట్ల నంబర్లు రాసి పంపండి. కేసు విప్పాలా వద్దా అన్నది అవి చూసి చెబుతాను.